దీవి కాపలాదారు గొంతు

సాన్ ఆంద్రేస్ రేవులో ప్రతి మనిషికీ రెండు పేర్లుంటాయి. ఒకటి చర్చిలో నీళ్లు చల్లి పెట్టింది, రెండోది వలలు బాగుచేసుకుంటూ జనం పెట్టింది. మొదటి పేరు ఓట్లప్పుడూ చావప్పుడూ తప్ప ఎవరికీ గుర్తురాదు. కాసిల్దోకు రేవు పెట్టిన పేరు రోంకో. బొంగురు గొంతాయన అని.

ఆయన మాట్లాడితే ఇసుక మీద చీపురు ఈడ్చినట్టు ఉండేది. చేపల బజారులో ఆయన బేరానికి నిలబడితే పక్క కొట్లవాళ్లు రేడియోల చెవులు మెలిపెట్టేవాళ్లు. "ఉండండర్రా, రోంకో మాట్లాడతాడంట. ఆ సముద్రాన్ని కూడా కాస్త ఆగమనండి" అని ఎకసెక్కాలాడేవాళ్లు. ఆ ఎకసెక్కంలో కూడా ఒక మర్యాద ఉండేది. ఆ గొంతు ఎలా పోయిందో ఊళ్లో అందరికీ తెలుసు మరి. ఇరవై తొమ్మిదేళ్ల కిందట, దీవి దగ్గర తోటి కాపలావాడు మెలితోన్ వెనక నుంచి కెరటం లేస్తుంటే చూసి, అతన్ని హెచ్చరించడానికి కాసిల్దో అరిచి అరిచి గొంతు చించుకున్నాడట. అలల హోరులో మెలితోన్‌కు ఆ కేక ఆలస్యంగా వినబడిందట. తల తిప్పేసరికి కెరటం మీద పడిందట. మనిషి పోయాడు, చిరిగిన గొంతు మళ్లీ అతుక్కోలేదు.

మెలితోన్ భార్య ఫెలీసితా ఈ కథ చెబుతుంటే రాయి కూడా కన్నీరు పెట్టేది. అందులో నిజం కానిది ఒక్కటే ఉంది. ఆ రోజు కాసిల్దో అరవలేదు.

ఈ సంగతి భూమ్మీద కాసిల్దో ఒక్కడికే తెలుసు. ఆయనకు అరవై ఆరో ఏడు వచ్చేదాకా ఆ నిజం అలాగే లోపల పడి ఉంది. ఆ ఏడు గొంతులో కాయలాంటిది లేచింది. మొదట మింగుడు పడలేదు, తర్వాత చెవిలోకి పోటు వచ్చింది. లీమాలో పెద్ద డాక్టరు దీపం వేసి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడంటే కబురు మంచిది కాదని కాసిల్దోకు అప్పుడే అర్థమైంది.

"స్వరపేటిక మొత్తం తీసెయ్యాలండీ. ఇక్కడ మెడ దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది, దాన్నుంచి ఊపిరి పీల్చుకుంటారు. బతుకుతారు. మాట మాత్రం ఉండదు."

"ఎప్పటి దాకా ఉంటుంది?" అన్నాడు కాసిల్దో.

"ఏది?"

"మాట."

డాక్టరు గోడమీది క్యాలెండరు చూశాడు. "వచ్చే మంగళవారం పొద్దున దాకా" అన్నాడు.

అది బుధవారం. బస్సులో ఇంటికి వస్తూ, ఒకపక్క ఇసుకకొండలూ ఒకపక్క సముద్రమూ చూస్తూ, ఆయన లెక్కపెట్టుకున్నాడు. చెప్పాల్సిన మాట ఒకటి, ఉన్న రోజులు ఆరు. ఎంత నెమ్మదస్తుడికైనా సరిపోవాలి.

*

దీవిమీద కాపలాకి కాసిల్దో చేరినప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్లు. మెలితోన్ అతనికంటే మూడేళ్లు పెద్ద, అప్పటికే కాపలాలో ముదిరినవాడు. నెలకు ఇరవై అయిదు రోజులు దీవి, అయిదు రోజులు ఊరు. తాగే నీళ్లు పీపాల్లో వచ్చేవి. చెట్టు లేదు, గడ్డిపోచ లేదు. ఉన్నదల్లా రాయి, రాయి మీద రెట్ట, రెట్ట మీద నీటికాకులు. లక్షల నీటికాకులు. అవి కూర్చుంటే కొండ నల్లగా ఉండేది, లేస్తే తెల్లబడేది. ఆ రెట్టే పొలాలకు ఎరువు. పక్షి బెదిరి వేరే దీవికి పోయిందంటే ఎరువూ లేదు, కాపలావాడికి కూడూ లేదు.

మొదటి రోజే మెలితోన్ అతని బూట్లు విప్పించి, పాత గోనెగుడ్డ కుట్టిన చెప్పులు చేతికిచ్చాడు.

"విను తమ్ముడూ. నువ్వు దగ్గావనుకో, ఒక పక్షి లేస్తుంది. తుమ్మావనుకో, వంద లేస్తాయి. అరిచావా, దీవి మొత్తం లేస్తుంది. లేచిన దీవి మళ్లీ కూర్చునేలోపు అదిగో, ఆ తెల్లరెక్కల దొంగపిట్టలు గూళ్లలో ఒక్క గుడ్డు మిగల్చవు. అప్పుడు నీ నోట్లో ఈ చెప్పే కుక్కి ఊరికి పంపిస్తా."

"మరి నిన్ను పిలవాలంటేనో?"

మెలితోన్ నాలుక పళ్లకు ఆనించి "త్స్" అన్నాడు. నీళ్లచుక్క పెనం మీద పడ్డట్టు. "ఒకటైతే, ఇటు చూడు. రెండైతే, ఇటు రా. మూడైతే, దొంగలొచ్చారు, కర్ర తీసుకో."

"నాలుగైతే?"

"నాలుగైతే నువ్వు పాముకు పుట్టావని అర్థం. పోయి అన్నం వండు."

మూడేళ్లు తిరిగేసరికి కాసిల్దో గొంతు చిక్కిపోయింది. పనిలో లేని కండ చిక్కినట్టు చిక్కింది. ఊళ్లో ఉన్న అయిదు రోజుల్లో కూడా అది లేచేది కాదు. ఒక పిల్లతో పెళ్లిమాటలు నడిచాయి. ఆ పిల్ల నెల చూసి, "ఈయన మాట్లాడుతుంటే పాదిరీ దగ్గర పాపం ఒప్పుకుంటున్నట్టుంది, నవ్వు రాదు" అని తప్పుకుంది. కాసిల్దో పెద్దగా బాధపడలేదు. అతనికి దీవి ఉంది. మెలితోన్ ఇంట్లో ఆదివారం భోజనం ఉంది. వాళ్ల పాప యోవానాకు జ్ఞానస్నానం చేయించినప్పుడు చేతుల్లో పట్టుకున్నది తనే. ఇంకేం కావాలి అనుకున్నాడు.

పదిహేనేళ్లు అలా గడిచాయి. తర్వాత ఆ కెరటం వచ్చింది.

*

శనివారం మధ్యాహ్నం ఆయన ఫెలీసితా ఇంటికి వెళ్లాడు. ఆమెకు అరవై ఏడేళ్లు. గొంతు మాత్రం రేవులో వేలంపాట పాడేవాళ్ల గొంతు. మెలితోన్ పోయాక ఆమె ఆ గొంతుతోనే చేపలమ్మి పిల్లను పెంచింది. పొయ్యిమీద చేపతలకాయ చారు మరుగుతోంది. ప్రతి ఆదివారమూ ఆ చారులో తలకాయ కాసిల్దోకే. తన మొగుడి కోసం గొంతిచ్చినవాడికి చారయినా పొయ్యకపోతే ఎలా అనేది ఆమె లెక్క. ఈసారి ఒకరోజు ముందే కాచింది, ఆసుపత్రికి పోయేలోపు రెండుసార్లు తాగాలని.

పక్కింటావిడ కొత్తగా వచ్చిన కోడల్ని వెంటబెట్టుకుని ఉప్పు కోసం వచ్చి, ఉప్పు చేతిలో పెట్టుకుని కదలకుండా నిలబడి ఉంది.

"ఈయనేనా అత్తమ్మా?" అంది కోడలు.

"ఈయనే" అంది ఫెలీసితా, గరిటె కాసిల్దో వైపు చూపిస్తూ. "చూడమ్మాయ్. ఈ పీనుగులాంటి మనిషిని చూస్తే ఏమనిపిస్తుంది? గట్టిగా ఊదితే పడిపోతాడు. కానీ ఆ రోజు ఈయన కేక కెరటాన్ని దాటిందే! మా ఆయన చెవిన పడింది. పడబట్టే తల తిప్పాడు. ఆఖర్న ఆయన విన్నది సముద్రం కాదు. తన పేరు. మనిషికి అంతకంటే ఏం కావాలి చెప్పు? ఒంటరిగా పోలేదు."

కోడలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"వదినా" అన్నాడు కాసిల్దో.

"ఊఁ, చెప్పు మరిదీ. ముందు కూర్చో. తలకాయలో కళ్లు తీసెయ్యనా, ఉంచనా?"

"వదినా, ఆ రోజు..."

"ఆ రోజు సంగతి వద్దులే, గొంతు నొప్పెట్టుకోకు. మంగళవారానికి కాస్త మిగుల్చుకో. లీమాకు నేను కూడా వస్తున్నా. యోవానా వద్దంటోంది, దాని మాట ఎవరు వింటారు? నువ్వు కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఒక తెలిసిన మొహం ఉండాలా వద్దా?"

చారు ముందు పెట్టింది. ఆవిరి ఆయన మొహానికి తగిలింది. చెప్పాలనుకున్న మాట, మింగుడుపడని ఆ గొంతులోనే మింగుడుపడింది. ఆయన చారు తాగాడు. కళ్లతో సహా తాగాడు.

బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఈ ఇంట్లో రాని మాట దీవి దగ్గర వస్తుందేమో అనిపించింది. ఎక్కడ పోగొట్టుకున్నాడో అక్కడే వెతుక్కోవాలి కదా. అటునుంచి నేరుగా యోవానా దగ్గరికి వెళ్లాడు.

*

యోవానా ముప్పై అయిదేళ్ల మనిషి. పరాకాస్ జెట్టీ నుంచి దీవులకు యాత్రికుల్ని తిప్పే పడవ నడుపుతుంది. రేవు ముసలాళ్లు, ఆడది పడవెక్కితే చేపలు పారిపోతాయని ఇప్పటికీ గొణుగుతారు. "నా పడవలో చేపలుండవు తాతా, విదేశీయులుంటారు. వాళ్లు లైఫ్ జాకెట్లు కట్టుకుని ఉంటారు, ఎక్కడికి పారిపోతారు?" అని ఆమె జవాబు. దీవికి తీసుకెళ్లమని కాసిల్దో అడిగిన వెంటనే, "పొద్దున ఎనిమిదికల్లా ఉండు బాబాయ్. వెనక నా పక్కన కూర్చో. మధ్యాహ్నమైతే గాలి లేస్తుంది, తీసుకెళ్లను" అంది. ఎందుకని అడగలేదు. గొంతు పోయేలోపు తన దీవిని ఒకసారి చూసుకోవాలనుకుంటున్నాడు, అంతే అనుకుంది.

ఆదివారం పొద్దున పొగమంచు పల్చగా ఉంది. ముప్పైమంది యాత్రికులు. ముందు మైకు పట్టుకుని ఎఫ్రాయిన్ అనే గైడు, నవ్వించడం తన ఉద్యోగంలో సగం అనుకునే మనిషి.

"ఈరోజు మన పడవలో ఒక ప్రముఖుడు ఉన్నారు" అన్నాడు మైకులో. "వెనక చూడండి, కాసిల్దో గారు. ఇరవై రెండేళ్లు దీవి కాపలా. పెంగ్విన్లు ఈయన్ని చూసే నడక నేర్చుకున్నాయి."

అందరూ వెనక్కి తిరిగి నవ్వారు. కాసిల్దో టోపీ ఎత్తాడు.

"నీ నోరు పడ, ముందుకు చూసుకో ఎఫ్రాయిన్" అని యోవానా కేకేసింది.

పడవ ఇసుకకొండ కింద ఆగింది. కొండ మీద ఎప్పటివాళ్లో గీసిన పెద్ద బొమ్మ దగ్గర ఫొటోలు తీసుకున్నారు. మళ్లీ బయల్దేరింది. అరగంటకు దీవులు వచ్చాయి. ముందు వాసన వచ్చింది. కాసిల్దో కళ్లు మూసుకుని పీల్చాడు. ఆ వాసన ఆయనకు ఇల్లు. కానీ పల్చబడి ఉంది. గిన్నె తోమేశాక మిగిలిన వాసనలా ఉంది.

కళ్లు తెరిచాడు. ఉత్తరపు దీవి వాలు తెల్లగా ఉంది.

పొద్దున పూట, గూళ్లు పెట్టే కాలంలో, ఆ వాలు నల్లగా ఉండాలి. ఆ వాలు మీద ఒక్క నీటికాకి లేదు. చివరి అంచున గూడబాతులు నాలుగు, తాళ్లమీద ఆరేసి మర్చిపోయిన బట్టల్లా కూర్చుని ఉన్నాయి.

"ఏవి?" అన్నాడు.

యోవానా చుక్కాని చక్రం వదలకుండా వంగింది. "రెండేళ్ల కిందట జబ్బు వచ్చింది కదా బాబాయ్. ఒడ్డంతా చచ్చి కొట్టుకొచ్చాయి. మిగిలినవాటికి ఆ మరుసటేడు తిండి దొరకలేదు, నీళ్లు వేడెక్కి చేప లోతుకు పోయింది. ఈ వాలుకు మళ్లీ రాలేదు. నీకు చెప్పలేదా ఎవరూ?"

చెప్పారు. వింటూ తలూపాడు కూడా. చెబితే తెలిసే సంగతి కాదది.

పడవ తిరిగి పాత ఇనుప వంతెన దగ్గరికి వచ్చింది. ఎరువు బస్తాలు దింపే వంతెన. దాని కింద నీళ్లలోకి దిగే ఇనుప మెట్లు, తుప్పుపట్టి, కింది నాలుగు మెట్లు ఊడిపోయి ఉన్నాయి. అవతలి పక్క రాళ్లమీద పెంగ్విన్లు కనబడ్డాయని ఎఫ్రాయిన్ చెప్పాడు. ముప్పైమందీ ఆ పక్కకు ఒరిగారు. యోవానా ఇంజన్ తగ్గించి, అలకు పడవ రాతికి తగలకుండా చక్రం అటూ ఇటూ ఆడిస్తోంది.

ఆ మెట్ల మీదే. కింది నుంచి మూడో మెట్టు, ఇప్పుడు ఊడిపోయినవాటిలో ఒకటి.

ఆ రోజు పొద్దున మెలితోన్ ఆ మెట్టు మీద నిలబడి, నీళ్ల పీపాలకు కట్టే తాడు ముడి విప్పుతున్నాడు. సముద్రం వైపు వీపు. కాసిల్దో పైన వంతెన మీద ఉన్నాడు. గూళ్లు వంతెన కొస దాకా వచ్చేశాయి, అడుగు పెట్టే చోటు లేదు. చాలా గుడ్లు పగిలి రెండురోజులే అయింది. ఈకలు రాని, కళ్లు తెరవని నల్లటి పిల్లలు. పైన దొంగపిట్టలు గుండ్రంగా తిరుగుతున్నాయి. కాసిల్దో తలెత్తితే, దూరంగా నీళ్లు వీపు ఎత్తాయి. నురగ లేదు, చప్పుడు లేదు. ఎత్తు మాత్రం ఉంది. అది వంతెన దాకా రావడానికి ఎంత పడుతుందో అతనికి తెలుసు. ఒక కేకకు సరిపడా కాలం ఉంది.

నోరు తెరిచాడు. పదిహేనేళ్ల అలవాటు నాలుకను తీసుకెళ్లి పళ్లకు ఆనించింది.

"త్స్."

మెలితోన్‌కు వినబడింది. ఒకటంటే, ఇటు చూడు. తనే నేర్పించాడు. అందుకని చెప్పినట్టే తల పైకెత్తి కాసిల్దోను చూశాడు, సముద్రాన్ని చూడలేదు. ఏదో పక్షిపిల్లను చూపిస్తున్నాడనుకున్నట్టున్నాడు. నవ్వాడు.

ఒక్క పక్షి లేవలేదు.

తర్వాత కాసిల్దో దూకాడు, ఉప్పునీళ్లు తాగాడు, రాళ్లకు కొట్టుకున్నాడు. మూడోరోజున సముద్రసింహాలు పిల్లల్ని పెట్టే ఒడ్డున శరీరం దొరికింది. సాన్ ఆంద్రేస్‌లో పడవ దిగినప్పుడు అతనికి మాట పెగల్లేదు. ఆడవాళ్లంతా చుట్టుముట్టారు. ఫెలీసితా అతని చొక్కా పట్టుకుని, "పిలవలేదా? పిలవలేదా నువ్వు?" అని అడిగింది. ఎవరో ముసలావిడ, "ఆ గొంతు చూడవే తల్లీ, అరిచి అరిచి చించుకున్నాడు" అంది. ఫెలీసితా అతని కళ్లల్లోకి చూసింది. కాసిల్దో తలూపాడు.

తలూపడానికి ఎంతసేపు పడుతుంది.

"యోవానా" అన్నాడిప్పుడు. "నేను అరవలేదమ్మా."

"ఏంటి బాబాయ్?"

"ఆ రోజు. మీ నాన్నను. నేను అరవలేదు."

"వినబళ్లేదు! మోటారు చప్పుడు. గట్టిగా చెప్పు."

అలకు పడవ రాతి వైపు జారింది. ఆమె చక్రం తిప్పి ఇంజన్ పెంచింది. సముద్రసింహాలు ఒకదాని మీద ఒకటి పడి అరుస్తున్నాయి. "గట్టిగా!" అంది మళ్లీ, ఆయన వైపు చూడకుండానే.

కాసిల్దో లేచి నిలబడ్డాడు. ఇనుప కమ్మీ పట్టుకున్నాడు. గోనెచెప్పులు తొడిగిన నాటి నుంచి మడిచి దాచిన గొంతును ఉన్నదున్నట్టు బయటికి తీశాడు.

"నేను అరవలేదూ!"

అది మనిషి కేకలా లేదు. తుప్పుపట్టిన తలుపు ఊడొచ్చినట్టు ఉంది. ముప్పైమందీ ఇటు తిరిగారు. ఎఫ్రాయిన్ మైకు దించాడు. ఆ కేక వాలుకు తగిలి, గుహలోకి పోయి, తిరిగొచ్చింది.

కాసిల్దో తలెత్తి కొండను చూశాడు. లేవాలి. ఆకాశం నల్లబడాలి. ఈ కేకకు లేచే పక్షుల్ని తలుచుకునే కదా ఆ రోజు నోరు కట్టుకున్నాడు. నాలుగు గూడబాతుల్లో ఒకటి మెడ తిప్పి చూసింది. మిగతావి అది కూడా చెయ్యలేదు.

ఆయన కూర్చుని ఏడ్చాడు. ఆ ఏడుపు మెలితోన్ కోసమో, ఖాళీ కొండ కోసమో ఆయనకే తెలియదు.

యోవానాకు ఈసారి వినబడింది. ఆమె మొహంలో ఏమీ మారలేదు. ముప్పైమంది ప్రాణాలు ఆమె చేతుల్లో ఉన్నాయి మరి. పడవను వెనక్కి తిప్పింది. జెట్టీ దగ్గర అందరికీ చెయ్యి అందించినట్టే ఆయనకూ అందించి దింపింది. అప్పుడంది.

"అమ్మకు చెప్పొద్దు."

ఆయన ఏదో అనబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఉన్న కాస్త గొంతూ ఆ ఒక్క మాటకు అయిపోయింది.

"చెప్పొద్దు బాబాయ్. నీ బరువు నువ్వు దించుకున్నావు. ఆవిడ ఎక్కడ దించుకుంటుంది?"

*

అయినా ఆదివారం భోజనానికి ఇద్దరూ వెళ్లారు. వెళ్లకపోతే ఫెలీసితానే వెతుక్కుంటూ వస్తుంది.

"ఏంటిది? కూత కూడా రావడం లేదే నోట్లోంచి! పొద్దున ఏం చేశావయ్యా?"

కాసిల్దో పెదాలు కదిపాడు. చప్పుడు లేదు.

"దీవి దగ్గర అరిచాడమ్మా" అంది యోవానా, గిన్నెలోకి చూస్తూ. "నాన్న కోసం."

అందులో అబద్ధం లేదు. ఫెలీసితా గరిటె పక్కన పెట్టింది. ఆమె మొహం మెత్తబడింది. "పిచ్చి సన్నాసి" అంది. "మళ్లీనా? ఒకసారి అరిచింది చాలలేదా?"

ఇరవై తొమ్మిదేళ్ల కిందటి కళ్లతోనే ఆయన కళ్లల్లోకి చూసింది. ఇప్పుడు కూడా తలూపితే సరిపోయేది. తర్వాత మంగళవారం వచ్చేది, ఆ పైన అడిగేవాళ్లూ ఉండేవాళ్లు కారు, చెప్పేవాడూ ఉండేవాడు కాడు.

కాసిల్దో తల అడ్డంగా ఊపాడు.

"బాబాయ్!" అంది యోవానా.

ఆయన మళ్లీ అడ్డంగా ఊపాడు. చెయ్యి పైకెత్తాడు, ఆ రోజు ఎత్తినట్టే. నాలుక పళ్లకు ఆనించాడు. దానికి గొంతు అక్కర్లేదు.

"త్స్."

ఆ చప్పుడు ఫెలీసితాకు తెలుసు. పదిహేనేళ్లు తన వంటింట్లో ఇద్దరు మగాళ్లు ఉప్పు కావాలన్నా, కుర్చీ జరపమన్నా అలాగే పిలుచుకునేవాళ్లు. ఆమె ఆ ఎత్తిన చేతిని చాలాసేపు చూసింది. తర్వాత పొయ్యి ఆపింది.

"అంతేనా?" అంది. "అంతేనా ఆయనకు వినబడింది?"

కాసిల్దో ఎత్తిన చెయ్యి దించాడు.

"ఆ కేకను నేను రోజూ పక్కలో పెట్టుకుని పడుకున్నాను కాసిల్దో. నా మొగుణ్ని ఎవరో పేరు పెట్టి పిలిచారు కదా అని. దాంతోనే పొద్దున లేచి చేపలమ్మాను. ఇప్పుడు తీసుకుపోయావు. నీకంటే ఆ సముద్రమే నయం. అది ఒక్కసారే తీసుకుపోయింది."

ఆయన ముందు చారు పెట్టింది. పెట్టడం మానలేదు. కానీ తను వెళ్లి వీధరుగు మీద వీపు చూపించి కూర్చుంది. ఆ రోజు చారులో తలకాయ లేదు.

*

సోమవారం లీమా బస్సు ఎక్కించడానికి యోవానా ఒక్కతే వచ్చింది. చేతిలో దుప్పటి ఉంది. "అమ్మకు మోకాళ్లు నొప్పులట" అంది, ఇద్దరికీ అబద్ధమని తెలిసిన గొంతుతో. ఆసుపత్రిలో ఆయన కళ్లు తెరిచినప్పుడు ఎదురుగా ఉన్నది నర్సు. తెలియని మొహం.

ఊరికి వచ్చాక ఏడు ఆదివారాలు చారు రాలేదు. కాసిల్దో ఇంటి ముందు బల్ల మీద కూర్చుని, మెడకు పల్చటి గుడ్డ చుట్టుకుని సముద్రం వైపు చూసేవాడు. రేవులో కథ మారలేదు. యోవానా చెప్పలేదు, ఫెలీసితా చెప్పలేదు, ఆయన చెప్పలేడు. "పాపం, ఉన్న కాస్త గొంతూ కోసేశారు" అని జనం దారి మళ్లి వచ్చి మరీ పలకరించి పోయేవాళ్లు. ఆ పలకరింపులకు ఆయన తల దించుకునేవాడు.

ఎనిమిదో ఆదివారం మధ్యాహ్నం గాలి లేచి ఇసుక కొడుతున్న వేళ ఫెలీసితా వచ్చింది. చేతిలో గిన్నె లేదు. బల్ల మీద ఆయన పక్కనే, కాస్త ఎడంగా కూర్చుంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ చాటునుంచే అడిగింది. గొంతు తగ్గించి మాట్లాడటం ఆమె బతుకులో అదే మొదటిసారి కావచ్చు.

"నువ్వు త్స్ అన్నాక తిరిగాడా?"

కాసిల్దో తలూపాడు.

"నీకేసే చూశాడా?"

ఊపాడు.

"భయపడ్డాడా?"

అడ్డంగా ఊపాడు.

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నవ్వాడా?"

ఆయన ఊపాడు. గుడ్డ కింద రంధ్రంలో ఊపిరి ఈలలా వచ్చిపోతోంది.

ఫెలీసితా ఇసుకలో కాలివేలితో గీత గీసింది, చెరిపింది. రేవులో పడవలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వినబడుతోంది.

"టోపీ పెట్టుకున్నాడా ఆ రోజు?"

కాసిల్దో గుర్తుచేసుకున్నాడు. మెట్టు మీద పైకెత్తిన ఆ తల, ఎండకు మెరిసిన నుదురు. అడ్డంగా ఊపాడు.

"పెట్టుకోమని చెప్పే పంపాను" అంది ఫెలీసితా. "నా మాట ఎప్పుడు విన్నాడు గనక."